బంటు ఏనుగైన వేళ

చదరంగమున పావులు తగ్గినకొలది ఆట సులువగునని పలువురు తలంతురు, మేము ఒప్పుకొనము. 1895 లో గ్లాస్గో నగరపు వారపత్రికలోని చదరంగ శీర్షికయందు బార్బియే ఒక సమస్యను ప్రకటించి, ఆట సమమని తేల్చెను. తెల్లపక్షమున రాజు, చివరి గడిని చేరనున్న బంటు. నల్లపక్షమున మూలనున్న రాజు, ఒక ఏనుగు. అంతే. బంటు మంత్రియైనచో నల్లయేనుగు ఎదురువచ్చి బలియగును. దానిని చంపినంతనే నల్లరాజునకు కదలుటకు గడి యుండదు, ఆట సమమగును. కాని అదే నగరమున నివసించుచుండిన సావెద్రా అను స్పెయిన్‌దేశపు మతగురువు, గొప్ప ఆటగాడుగా పేరొందినవాడు కాకున్నను, గెలుపుదారి చూపెను. బంటును మంత్రిని చేయక ఏనుగును చేయవలెను! వెంటనే మూలనున్న రాజునకు ఆటకట్టు సిద్ధము; నల్లయేనుగు అడ్డుపడక తప్పదు. అప్పుడు తెల్లరాజు ఒక్క గడి జరిగిన చాలును: ఆ యేనుగును చంపుటయో, మొదటి వరుసకు దిగి ఆట కట్టించుటయో, నల్లపక్షము రెంటిని ఆపజాలదు.