మన ఏటి నీళ్లకీ ఆరోగ్య పరీక్షలున్నాయి!

కందిపప్పు ఎంతకీ ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. జగ్గయ్యపేట వైపు బోరు నీళ్లు వాడే అక్కచెల్లెళ్లకు ఇది తెలిసిందే కదా! మనది సున్నపురాయి నేల. అందులోని కాల్షియం కరిగి కఠిన జలమవుతుంది. ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఫర్వాలేదంటారు.

కంటికి కనపడనిది ఫ్లోరైడు. 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5. ఎక్కువైతే పిల్లల పళ్లు గారపడతాయి, ఎముకలు వంకరపోతాయి. కాచినా పోదు సుమండీ, నీరిగిరి ఇంకా చిక్కబడుతుంది.

మునేరు, పాలేరు లాంటి ఏళ్లలో మాత్రం ముందు చూసేది కరిగిన ప్రాణవాయువును. స్నానాలకు పనికి రావాలంటే లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములుండాలి. మురుగు కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని వాడేసుకుంటాయి, చేపలు ఊపిరాడక చస్తాయి.

తాగేనీటిలో మురుగు క్రిములకు సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. అలా అయితే తాగకండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష కిట్టు వాడకం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఎవరు నేర్చుకున్నారో పంచాయతీలో అడగండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించండి.