సీసీ కెమెరా ఏం గుర్తుపెట్టుకుంటుంది?

లాకర్ గది గుమ్మం పైన ఉండే కెమెరాను మన కుటుంబాల్లో అందరూ చూసే ఉంటారు. దాని వెనక ఉన్న నిబంధన మాత్రం చాలామందికి తెలియదు. సేఫ్ డిపాజిట్ లాకర్లపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18న సవరించిన మార్గదర్శకాలు ఇచ్చింది. అవి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. స్ట్రాంగ్ రూములోకి వచ్చిపోయే దారిని, అక్కడి ఉమ్మడి స్థలాన్ని సీసీ కెమెరాతో చిత్రీకరించి, ఆ రికార్డింగును కనీసం 180 రోజులు భద్రపరచాలని వాటిలో ఉంది. తన లాకరు తనకు తెలియకుండా తెరిచారని ఖాతాదారు ఫిర్యాదు చేసినా, చోరీ జరిగినట్టు గమనించినా, పోలీసు దర్యాప్తు పూర్తయి వివాదం తేలేదాకా ఆ రికార్డింగును తుడిచివేయకూడదు.

అంటే ఒక కుటుంబం దాచుకున్న బంగారం, ఆ రోజు తాళంచెవి పట్టుకెళ్లిన ఉద్యోగి పరువు, రెండూ ఒక్కోసారి ఆ రికార్డింగు మీదే ఆధారపడతాయి. మరి ఆ పెట్టెలో 180 రోజుల దృశ్యం ఎలా పడుతుంది? పట్టించడానికి ఏం వదులుకుంటున్నాం? ఈ రెండు ప్రశ్నలూ కెమెరాలు బిగించేవారికే పరిమితం కావు. ఆ కెమెరాలను కొనేవారికీ, వాటి కింద పనిచేసేవారికీ, ఇంట్లో ఒకటి పెట్టుకున్నవారికీ సంబంధించినవే.

ముడి దృశ్యం బరువెంత?

ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. వీటినే పిక్సెళ్లు అంటాం. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు రాయడానికి 3 బైట్లు కావాలి. ఒక్క చిత్రానికి సుమారు 62 లక్షల బైట్లు. సెకనుకు 25 చిత్రాలు తీస్తే 155 మెగాబైట్లు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, ఒక్క కెమెరా ఒక్క రోజులో 13.4 టెరాబైట్లు నింపేస్తుంది. 180 రోజులకు 2,400 టెరాబైట్లు దాటుతుంది. నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్కులు ఆరు వందలకు పైగా కావాలి, అదీ ఒక్క కెమెరాకే!

ఆచరణలో అదే కెమెరా సెకనుకు 4 మెగాబిట్లతో రోజుకు 43 గిగాబైట్లు మాత్రమే తీసుకుంటోంది. అంటే ముడి దృశ్యంలో మూడు వందల వంతు. మిగతాది ఎక్కడికి పోయింది? దాన్ని నాలుగు పద్ధతుల్లో తగ్గిస్తారు.

తగ్గించే నాలుగు పద్ధతులు

మొదటిది రంగు పొదుపు. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత బాగా రంగుల తేడాను పట్టలేదు. అందుకే వెలుగును ప్రతి చుక్కకూ విడిగా రాసి, రంగును నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారి రాస్తారు. దీనితోనే బరువు సగమవుతుంది. చూసేవారికి తేడా తెలియదు.

రెండోది గుండు లెక్క. చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విడదీస్తారు. ఒక గడిలో ఖాళీ గోడ ఉంటే దాన్ని చుక్క చుక్కగా చెప్పక్కర్లేదు, ‘అంతా లేత పసుపు’ అంటే చాలు. గడిలో జుట్టో, చీర అంచో, నోటు మీది అంకెలో ఉంటే సన్నని మార్పులు ఎక్కువ కాబట్టి ఎక్కువ అంకెలు కావాలి. గడి సగటును, అందులోని ముతక మార్పులను, సన్నని మార్పులను వేరుచేసి, ఆ అంకెలను దగ్గరి రూపాయికి సవరించినట్టు సవరిస్తారు. పైసలు ఎక్కువగా పోయేది సన్నని మార్పుల్లోనే. ఈ నష్టం శాశ్వతం. పోయిన పైసలు మళ్లీ లెక్కలోకి రావు.

మూడోది తేడా మాత్రమే రాయడం. అన్నిటికంటే ఎక్కువ పొదుపు ఇక్కడే ఉంటుంది. లాకర్ గది రోజులో ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. ఈ సెకను చిత్రానికీ పోయిన సెకను చిత్రానికీ తేడా దాదాపు ఉండదు. కాబట్టి ఒక పూర్తి చిత్రం రాసి, తర్వాత వచ్చే వాటిలో మారినదాన్ని మాత్రమే రాస్తారు. మనిషి నడిచి వెళ్తే, ‘ఈ గడి ఎడమవైపు ఇన్ని చుక్కలు జరిగింది’ అని రాస్తే సరిపోతుంది. మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే పూర్తి చిత్రం ముందుకు తెచ్చిన నిల్వ, తర్వాతివి జమా ఖర్చుల పద్దులు. పాస్‌బుక్కులో ప్రతి వరుసలోనూ ఖాతా చరిత్ర అంతా తిరగరాయం కదా! ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. మధ్యలో ఒక పద్దు పోతే దాని తర్వాతి నిల్వలన్నీ తప్పుతాయి. నెట్‌వర్క్‌లో కాస్త సమాచారం జారిపోయినప్పుడు కెమెరా దృశ్యంలో ముఖం సాగిపోయి, బూడిద రంగు గడులు కనిపించి, కాసేపటికి ఒక్కసారిగా సర్దుకోవడం మీరు చూసే ఉంటారు. సర్దుకున్న ఆ క్షణమే తర్వాతి పూర్తి చిత్రం వచ్చిన క్షణం.

నాలుగోది పొట్టిపేర్లు. మన శాఖల్లో రోజూ వాడే సేవింగ్స్ బ్యాంకు ఖాతాను ఎస్‌బీ అనీ, ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఎఫ్‌డీ అనీ అంటాం. అరుదుగా వచ్చే పేర్లను పూర్తిగా పలుకుతాం. అలాగే తరచూ వచ్చే అంకెలకు పొట్టి సంకేతాలు, అరుదైన వాటికి పొడుగు సంకేతాలు ఇస్తారు. ఇక్కడ నష్టమేమీ ఉండదు.

ఈ లెక్క వెనక మనవాళ్లు

గడిలోని ముతక, సన్నని మార్పులను వేరుచేసే గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. దాన్ని 1974లో ఒక పరిశోధన పత్రంగా ప్రకటించిన ముగ్గురూ భారతీయ మూలాలున్నవారే: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, కె.ఆర్. రావుగా ప్రసిద్ధుడైన కామిశెట్టి రామమోహన్ రావు. రావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో దశాబ్దాలపాటు బోధించారు. ఈ పరిశోధనకు నిధులు ఇమ్మని అహ్మద్ 1972లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు చేస్తే అది తిరస్కరించింది. ఆయన పని మానలేదు. ఇప్పుడు ఫోనులో తీసే జేపెగ్ ఫొటో నుంచి కెమెరా రికార్డింగు దాకా ఆ గణితమో, దాని నుంచి పుట్టిన రూపమో పనిచేస్తూనే ఉంది.

ఆ పునాది మీద ప్రమాణాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2003లో వచ్చిన హెచ్.264 నేటికీ చాలా కెమెరాల్లో ఉంది. 2013లో వచ్చిన హెచ్.265 దాదాపు అదే నాణ్యతను సుమారు సగం బరువుతో ఇస్తుంది. కెమెరా డబ్బా మీద ఈ అంకెలు కనిపిస్తే అర్థం ఇదే.

కెమెరా నెట్‌వర్క్‌లోకి వచ్చాక

పాత పద్ధతిలో కెమెరా నుంచి లావుపాటి కోయాక్సియల్ తీగ డీవీఆర్ పెట్టెకు వెళ్లేది. దృశ్యాన్ని కుదించే పని ఆ పెట్టెదే. 1996లో స్వీడన్‌కు చెందిన ఆక్సిస్ సంస్థ మొదటి నెట్‌వర్క్ కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి ఐపీ కెమెరా నిజానికి కన్నున్న చిన్న కంప్యూటరు. కుదింపు దానిలోనే జరుగుతుంది. అది పంపినదాన్ని ఎన్‌వీఆర్ పెట్టె దాచుకుంటుంది. కాబట్టి కెమెరా సెట్టింగులో వదిలేసిన వివరాన్ని తర్వాత ఎంత ఖరీదైన పెట్టే తిరిగి తేలేదు.

2003లో వచ్చిన పవర్ ఓవర్ ఈథర్‌నెట్ ప్రమాణం వల్ల ఒకే తీగ మీద సమాచారంతోపాటు విద్యుత్తు కూడా కెమెరాకు అందుతోంది. ఆ తీగ వంద మీటర్లు మించకూడదు. వేర్వేరు కంపెనీల కెమెరాలు, పెట్టెలు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి 2008లో ఆన్‌విఫ్ అనే ఉమ్మడి వేదిక ఏర్పడింది. కొనేటప్పుడు ఈ మాట అడిగితే రేపు ఒక్క కంపెనీకే కట్టుబడిపోయే ఇబ్బంది తగ్గుతుంది.

పదహారు కెమెరాలు ఒక్కొక్కటి 4 మెగాబిట్లు పంపితే మొత్తం 64 మెగాబిట్లు. శాఖ లోపలి నెట్‌వర్క్ దీన్ని మోయగలదు. బయటికి వెళ్లే లైను మీద మాత్రం కోర్ బ్యాంకింగ్ నడవాలి. అందుకే కెమెరా ఒకేసారి రెండు ధారలు ఇస్తుంది. వివరమైనది లోపల రికార్డింగుకు వెళ్తుంది, పలుచనిది దూరం నుంచి చూసేవారికి వెళ్తుంది. పర్యవేక్షణ తెరపై బొమ్మ మసకగా ఉన్నంత మాత్రాన రికార్డింగు మసకగా ఉన్నట్టు కాదు. తెరపై బాగున్నంత మాత్రాన రికార్డింగు బాగున్నట్టూ కాదు.

రోజులు దక్కి ముఖం దక్కకపోతే?

లాకర్ గది చుట్టూ నాలుగు కెమెరాలు ఉన్నాయనుకుందాం. హెచ్.264లో ఒక్కొక్కటి 4 మెగాబిట్లయితే 180 రోజులకు దాదాపు 31 టెరాబైట్లు కావాలి. హెచ్.265లో 2 మెగాబిట్లయితే 15.5 టెరాబైట్లు. ఇప్పుడు ఒక సరఫరాదారు 8 టెరాబైట్ల డిస్కుతోనే 180 రోజులు ఇస్తానని తక్కువ ధర కోట్ చేశాడనుకోండి. అబద్ధం కానక్కర్లేదు. ఒక్కో కెమెరాను 1 మెగాబిట్‌కు దించితే లెక్క సరిపోతుంది. తనిఖీ పత్రంలో ‘180 రోజులు: ఉంది’ అని టిక్కు పడుతుంది. పోయేది రెండో పద్ధతిలో చెప్పిన పైసలు: కనుబొమల తీరు, చేతిలోని కవరు, తాళంచెవి. ఖాళీ గోడ ఎంత తగ్గించినా చక్కగానే కనిపిస్తుంది కాబట్టి పగటిపూట మామూలుగా చూసినప్పుడు ఎవరికీ తెలియదు.

పైగా నష్టం సరిగ్గా అవసరమైనప్పుడే ఎక్కువవుతుంది. పదిమంది ఒకేసారి కదిలినప్పుడు రాయాల్సిన తేడాలు పెరుగుతాయి. బిట్ల పరిమితి మాత్రం పెరగదు. చీకట్లో కెమెరా తీసే బొమ్మలో ఇసుక రాలినట్టు చుక్కలు కదులుతుంటాయి. ఆ చుక్కలను కూడా కెమెరా కదలికగా లెక్కించి, ముఖానికి దక్కాల్సిన బిట్లను వాటికి ఖర్చుపెడుతుంది. చోటు నిజంగా చాలకపోతే సెకనుకు 25 చిత్రాలను 12కు తగ్గించడం మేలు. నడిచే మనిషిని చూడటానికి అవి చాలు, ఒక్కో చిత్రానికి దక్కే వివరమూ నిలుస్తుంది. రాత్రిపూట ఒక దీపం వెలిగించి ఉంచడం ఇంకా మంచిది.

సినిమాల్లో మసక బొమ్మను పెద్దది చేయగానే నేరస్థుడి ముఖం తేటపడుతుంది. నిజంలో అలా జరగదు. రాయని చుక్కను ఎవరూ చదవలేరు. కొత్త మనిషిని గుర్తించాలంటే మీటరు వెడల్పుకు 250 చుక్కలు, తెలిసిన మనిషిని పోల్చుకోవాలంటే 125 చుక్కలు ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. 1,920ని 250తో భాగిస్తే 7.7 మీటర్లు. అంతకంటే వెడల్పైన హాలును ఒకే ఫుల్ హెచ్‌డీ కెమెరాకు అప్పగిస్తే ఎవరో వచ్చారని తెలుస్తుంది కానీ, ఆ వచ్చినది ఎవరో చెప్పడం కష్టం.

రికార్డింగు సాక్ష్యంగా మారేటప్పుడు

పెద్దనోట్ల రద్దు రోజులు మనవారెవరూ మరచిపోలేరు. 2016 నవంబర్ 8 నుంచి డిసెంబర్ 30 దాకా శాఖల్లో, కరెన్సీ చెస్టుల్లో తీసిన సీసీ కెమెరా రికార్డింగులను తదుపరి ఆదేశాల వరకు ఉంచమని రిజర్వు బ్యాంకు ఆ డిసెంబర్ 13న చెప్పింది. డిస్కు నిండగానే పెట్టె పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటుంది. కాబట్టి ఉంచాలన్న అవసరం తెలిసిన రోజే ఆ భాగాన్ని వేరే డిస్కులోకి తీయాలి.

2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ల కాలంలో పనిచేసినవారికి సందేశం చివర వేసే చెక్ సిగ్నల్ గుర్తుండే ఉంటుంది. హ్యాష్ కూడా అలాంటిదే. ఫైలులో ఒక్క బిట్టు మారినా విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ కుదించి పంపుతుంది. అందినవారికి చేరేది వేరే ఫైలు, పైగా మరిన్ని పైసలు పోయినది. సాక్ష్యం అవసరమైన చోట పెట్టె నుంచి నేరుగా తీసిన ఫైలే ఇవ్వాలి. పెట్టె గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా చూడాలి. లాకర్ రిజిస్టరులోని సమయానికీ తెర మీది సమయానికీ పావుగంట తేడా ఉంటే, మంచి రికార్డింగు కూడా తగాదాకు దారితీస్తుంది.

ఇంటి కెమెరా సంగతి

పిల్లలు విదేశాల్లో ఉండి, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో కెమెరా ఇప్పుడు మామూలైంది. 128 గిగాబైట్ల మెమరీ కార్డులో 2 మెగాబిట్ల దృశ్యం ఆరు రోజులకు మించి నిలవదు. ఊరెళ్లి పది రోజులకు తిరిగొస్తే మొదటి రోజుల దృశ్యం ఉండదని గుర్తుంచుకోండి. వీధంతా చూపించాలనుకోకుండా గుమ్మం దగ్గర నిలబడే మనిషి ముఖం పడేలా బిగించమనండి. ఎదురింటి తలుపు, కిటికీ అందులో పడకుండా చూడటం మర్యాద.

అన్నిటికంటే ముఖ్యమైనది పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్లో, డీవీఆర్‌లలో చొరబడింది. వాటన్నిటినీ కూడగట్టి ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే స్తంభింపజేసింది. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షల నిబంధనలు తప్పనిసరయ్యాయి. పరీక్ష నెగ్గిన కెమెరా కొన్నా, పాస్‌వర్డ్ మార్చే బాధ్యత మనదే.

శాఖలోనైనా ఇంట్లోనైనా కెమెరా బిగించేవారిని మూడు మాటలు అడగండి. ఎన్ని మెగాబిట్ల మీద ఎన్ని రోజులు నిలుస్తుంది? గుమ్మం దగ్గర మీటరుకు ఎన్ని చుక్కలు పడతాయి? రికార్డింగు బయటికి తీయడం ఎలా? ఆ తర్వాత ఒక పని మీరే చేయండి. గడిచిన వారంలో ఒక రాత్రి ఎనిమిది గంటల దృశ్యం వెనక్కి తీసి, అందులో నడిచి వచ్చిన మనిషి ముఖం దగ్గర ఆపి చూడండి. ఎవరో చెప్పగలిగితే కెమెరా పనిచేస్తున్నట్టే. చెప్పలేకపోతే బిగించినవారిని వెంటనే పిలిపించండి.