బితూనియకు వెళ్లనివ్వని రోజున

2025 డిసెంబరులో వీసా స్టాంపింగ్ కోసం అమెరికా నుండి ఇంటికొచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఒక ఈమెయిల్ వచ్చింది. హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులందరి సోషల్ మీడియా ఖాతాలనూ పరిశీలించాలన్న అమెరికా నిబంధన ఆ నెల 15 నుండి అమల్లోకి రావడంతో ఇంటర్వ్యూలు వాయిదా పడ్డాయి. డిసెంబరు తేదీలు మార్చికి, కొందరికి ఇంకా ముందుకు జరిగాయి. పాత తేదీకి వస్తే లోపలికి రానివ్వబోమని ఎంబసీ చెప్పేసింది. కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఉన్న ఇంటికి నానక్‌రాంగూడ కాన్సులేట్ కొద్ది కిలోమీటర్లే. అందులో అడుగుపెట్టే తేదీ మాత్రం నెలల దూరం.

ఇది చిన్న నష్టమని మేము అనం. అక్కడ ఖాళీగా ఉన్న ఇంటికి అద్దె కట్టాలి. జనవరిలో పిల్లల బడి తెరుస్తారు. ఇక్కడినుండి పనిచేయడానికి కంపెనీ ఒప్పుకోకపోతే జీతమే ఆగిపోతుంది. అలాంటివారితో మనం తొందరపడి రెండు మాటలు అంటుంటాం. ఒకటి, "అంతా మన మేలుకే." రెండోది మరీ కఠినమైనది, "ప్రార్థనలో విశ్వాసం చాలలేదేమో." ఈ రెండూ ఆదరణ కావు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు, ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్లబోతే అదీ కుదరలేదు. కారణం ఏమిటో లూకా రాయలేదు. పౌలుకు విశ్వాసం తక్కువైందనీ రాయలేదు. ముసియ దాటి త్రోయకు వచ్చాక దర్శనం కలిగింది, మాసిదోనియకు ఓడ ఎక్కారు. ఫిలిప్పీలో నది ఒడ్డున కొద్దిమంది స్త్రీలు కనిపించారు. వారిలో మొదట హృదయం తెరిచిన లూదియ సొంత ఊరు తుయతైర. అది పౌలును వెళ్లనివ్వని ఆసియలోని పట్టణమే! వెళ్లలేకపోయిన ప్రాంతపు మనిషి ఒకామె పరాయి ఊళ్లో ఎదురై, తన ఇంట్లో చోటిచ్చింది. అయితే అదే అధ్యాయంలో పౌలు, సీలలు దెబ్బలు తిని చెరసాలలో పడ్డారు కూడా. లూదియ ఇంటి ఆతిథ్యం ఆ దెబ్బలను ఆపలేదు. ఆదరణ నష్టాన్ని చెరిపేయదు, నష్టం మధ్య మనిషిని నిలబెడుతుంది.

ఏలీయా సంగతీ అంతే. కర్మెలు విజయం తరువాత యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవుడు వెంటనే సంజాయిషీ ఇవ్వలేదు, గద్దించలేదు. నిద్ర ఇచ్చాడు. తల దగ్గర అప్పం, నీళ్లబుడ్డి పెట్టించాడు, అదీ రెండుసార్లు. మాట్లాడింది ఆ తరువాత, హోరేబులో.

ఐటీ కారిడార్ ఇళ్లల్లో ఆ అప్పం ఎలా ఉంటుంది? అమెరికా పనివేళల కోసం అర్ధరాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కొడుకు పక్కన తల్లి ఫ్లాస్కులో టీ పెట్టి వెళ్తుంది. ఇన్నాళ్లూ వీడియో కాల్‌లోనే తెలిసిన మనవరాలు తాతయ్య దగ్గర అ ఆలు దిద్దుతుంది. తండ్రి కంటి ఆపరేషన్‌కు ఈసారి కూతురే తోడు వెళ్తుంది. వీసా ఆలస్యమైంది వీటి కోసమే అని చెప్పే అధికారం మనకు లేదు. ఇవి దేవుడు ఈ పూటకు ఇచ్చినవి, అందుకు కృతజ్ఞత చెప్పవచ్చు. అదే సమయంలో ఏడవనూ వచ్చు.

సంఘాలకు మా మనవి. ప్రతి ఆదివారం "వీసా వచ్చిందా?" అని అడగకండి, భోజనానికి పిలవండి. దేవుని పేరిట తేదీలు ప్రవచించకండి. భర్త అక్కడ, భార్యాబిడ్డలు ఇక్కడ చిక్కుకున్న ఇల్లు ఉంటే వెళ్లి కూర్చోండి. తీతు రావడమే కృంగిన తమకు దేవుడిచ్చిన ఆదరణ అని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పాడు. ఒక స్నేహితుడు ఇంటికి రావడం అంత పెద్ద మాట.

కొందరికి తేదీ త్వరగా వస్తుంది, కొందరి దారి పూర్తిగా మారవచ్చు. ఏ దారిలో నడవాలన్నా బలం కావాలి. ఈ పూట అప్పం తల దగ్గరే ఉంది. లేచి తిందాం.