ప్రళయకావేరి యొడ్డున ఒక దినము

ఈ సంవత్సరము జనవరి మాసములో మా పాఠశాల ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థినీ విద్యార్థులను ప్రళయకావేరి చూపుటకు తీసికొనిపోయితిమి. పళవేర్కాడు ఏరి యని తమిళులును, పులికాట్ అని ఆంగ్లేయులును పిలిచిన సరస్సే యిది. ప్రయాణమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక తండ్రిగారు లేచి, "అయ్యా, పక్షులను చూచుటకు అంత దూరము పోవలెనా? మన రామనాయకన్ చెరువులో కొంగలు లేవా?" అని అడిగిరి. అందరును నవ్విరి. బస్సు ఖర్చు భరించువారు అడుగదగిన ప్రశ్నయే యది. ఆనాడు మేము చెప్పిన సమాధానము పొడిపొడిగా నుండెను. చూచి వచ్చితిమి గనుక ఇప్పుడు కొంత వివరముగా చెప్పగలము.

మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మన పిల్లలకు చెరువు తెలియును, ఏరు తెలియును, కెలవరపల్లి ఆనకట్ట తెలియును. మన దక్షిణ పినాకిని కడలూరు చెంత సముద్రమున కలియునని భూగోళ పాఠములో చదివినారు. కాని ఆ కలియుచోట ఏమి జరుగునో వారెరుగరు. మొగ, తిప్ప, దొరువు అను మాటలు పాఠములో వచ్చినప్పుడు నల్లబల్లపై గీతలు గీసి చూపుటయే మేము చేయుచుంటిమి. ఆ గీతలలో నీరు లేదు గదా!

రాత్రి హోసూరులో బయలుదేరి, కృష్ణగిరి, చిత్తూరు, తిరుపతి, నాయుడుపేటల మీదుగా తెల్లవారునప్పటికి నేలపట్టు చేరితిమి. ఇది దొరవారిసత్రము దగ్గరి చిన్న గ్రామము. ఇచ్చటి చెరువును 1976లో పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటించిరి. నీటిలో నిలిచి పెరిగెడి కడప చెట్లపై గూడబాతులు వందలకొలది గూళ్ళు కట్టుకొని యుండెను. ముక్కు క్రింద సంచివలె వ్రేలాడు తోలుగల పెద్ద పక్షులివి. పిల్ల తన తలను తల్లి గొంతులోనికంటి దూర్చి చేపను తినుట చూచి మన పిల్లలు నోళ్ళు తెరచిరి.

వింత యేమనగా, ఆ చేపలలో చాలభాగము ఆ చెరువులోనివి కావు. గూడబాతు సుమారు 20 కిలోమీటర్లు ఎగిరి ప్రళయకావేరికి పోయి, చేపలను పట్టి, మరల ఈ మంచినీటి చెరువునకు వచ్చును. దాని రెట్ట నీటిలో పడును. ఆ నీరు పొలములకు పారును. పక్షులు వచ్చిన యేడు పంట బాగుండునని గ్రామస్థుల నమ్మకము. వారు ఆ పక్షులను కొట్టరు, కొట్టనీయరు. సరస్సులోని చేప ఈ విధముగా వరిచేనికి ఎరువగుచున్నది.

అచ్చటినుండి సూళ్ళూరుపేటకు పోయి, శ్రీహరికోట మార్గమున అటకానితిప్ప చేరితిమి. మార్గమునకు ఇరుప్రక్కల సరస్సే. ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మన దేశమున దీనిదే రెండవ స్థానము. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. లోతు మాత్రము చాలచోట్ల మనిషి నడుమునకు మించదు. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల నీరు ఇందులోనికి వచ్చును. సముద్రమునకును దీనికిని నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచి యున్నది. పిల్లలలో సగముమంది చూపు పక్షులపై గాక, 1971 నుండి రాకెట్లు ఎగురుచున్న ఆ దీవిమీదనే యుండెను! అనుమతి లేక లోనికి పోరాదని చెప్పి వారిని వెనుకకు త్రిప్పుట మాకు గొప్ప పని యయ్యెను.

రాజహంసలని పిలువబడు ఫ్లెమింగోలు దూరమున గులాబిరంగు గీతవలె కనిపించినవి. మా దూరదర్శిని యొక్కటే; వంతుల కొరకు కొంత జగడము కూడ జరిగెను. ఈ పక్షి తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లాగి బయటికి నెట్టును. ముక్కు అంచులయందలి జల్లెడవంటి పొరలు సన్నని నాచును, రొయ్యజాతి పురుగులను పట్టి ఉంచును. ఆ తిండిలోని రంగే దాని రెక్కలకు వచ్చును. పిల్లగా నున్నప్పుడు అది బూడిదరంగుననే యుండును. మన దేశమున ఇవి గుంపులుగా గూళ్ళు పెట్టుకొను ప్రసిద్ధస్థలము గుజరాతులోని కచ్ ప్రాంతపు రణ్.

భోజనముల యనంతరము దక్షిణముగా ప్రయాణించి, సాయంకాలమునకు తమిళనాడులోని పళవేర్కాడు చేరితిమి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది మొదలు సరస్సులో అధికభాగము ఆంధ్రమునను, ఈ దక్షిణపు కొన ఈవలి రాష్ట్రమునను ఉన్నవి. కాని సరస్సు ఊపిరి తీయు ప్రధానమైన మొగ ఇచ్చటనే యున్నది. ఉత్తరమున తూపిలిపాలెము, నడుమ రాయదొరువు అను మరి రెండు మొగలు కలవు గాని, అవి తరచు ఇసుకతో పూడిపోవుచుండును.

మొగ విషయమును కొంచెము వివరింపవలెను. రొయ్య సముద్రములో గ్రుడ్లు పెట్టును. కంటికి కానరానంత చిన్నవైన పిల్లలు పోటునీటితో మొగలోపలికి వచ్చి, అలలులేని సరస్సులో మేసి పెరిగి, తిరిగి సముద్రమునకు పోవును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు కురిసి నదులు నిండినచో, ఆ వరద ఇసుకను నెట్టి మొగను తెరచును. వానలు తప్పినచో, అలలు ఒడ్డువెంట తెచ్చు ఇసుక మేటవేసి మొగ మూసికొనును. అప్పుడు లోపలి నీరు ఎండకు ఇగిరి ఉప్పెక్కును. క్రొత్త రొయ్యపిల్ల లోనికి రాదు. ఇచ్చట ఇసుక మేటవేసినచో, ఎల్లకు ఆవల ఇరకము, వేనాడు దీవులయందు వల వేసినవాడు వట్టిచేతులతో ఇంటికి పోవలెను. నేలపట్టులోని గూడబాతు పిల్లకును తిండి తగ్గును.

చేపలు తక్కువైనప్పుడు కలహము రాకుండ జాలరులు పూర్వమునుండి "పాడు" అను ఏర్పాటు చేసికొనినారు. వల వేయు తావులను చీట్లు వేసి, వంతుల చొప్పున పంచుకొందురు. దూరదర్శిని కొరకు ప్రొద్దున జగడమాడిన బాలురు ఈ మాటను శ్రద్ధగా వినిరి.

పడవ ఎక్కింతురా యని పలువురు తల్లులు ముందే అడిగియుండిరి. ఎక్కింపలేదు. 2011 డిసెంబరు 25న ఈ సరస్సుననే విహారపు పడవ మునిగి పలువురు మరణించిరి. ఆ సంగతి మేము మరువలేదు. 1613 నాటి డచ్చివారి గెల్డ్రియా కోట శిథిలములను, చెక్కడపు రాళ్ళుగల వారి శ్మశానమును త్వరత్వరగా చూచి, పిల్లలను సముద్రపు ఒడ్డునకు తీసికొనిపోయితిమి. సముద్రమును మొదటిసారి చూచినవారే వారిలో అధికులు. కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు. ఉపాధ్యాయులకు అట్టి నిశ్శబ్దము అరుదు.

ఈ తిప్పలపై బ్రదికినవారి తెలుగు ఎట్టిదో ఎరుగగోరు తల్లిదండ్రులు స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదువవచ్చును. ఆ మాటలలో కొన్ని మన పల్లెల పలుకుబడికి దగ్గరగా నుండుటయు, కొన్ని మనకు బొత్తిగా తెలియకుండుటయు గమనింపదగినది. తొమ్మిదవ తరగతి పిల్లలు అట్టి మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నారు.

వచ్చునపుడు మూడు సీసాలలో నీరు తెచ్చితిమి: నేలపట్టు చెరువుది, సరస్సుది, సముద్రముది. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండునని పుస్తకము చెప్పును. దానిని పరీక్షించుటకై ఒక్కొక్క సీసానుండి ఒకే కొలత తీసి, మూడు పళ్ళెములలో పోసి, విజ్ఞానశాస్త్రపు గది కిటికీలో ఎండకు పెట్టినారు. నీరంతయు ఇగిరినది. సముద్రపు పళ్ళెములో తెల్లని పెళుసు దట్టముగా నున్నది. సరస్సు పళ్ళెములో అంతకంటె పలుచగా నున్నది. చెరువు పళ్ళెములో కొంచెము మన్ను మాత్రమే మిగిలినది. మే మాసములో సరస్సు నీటిని తెచ్చి చూచిన ఎట్లుండునని ఒక బాలిక అడిగినది. పళ్ళెములు ఇంకను కిటికీలోనే యున్నవి. వార్షికోత్సవమునాడు తల్లిదండ్రులు చూడవచ్చును.