పాత పెద్ద కెమెరా, కొత్త చిన్న కెమెరా

మా అక్క పెళ్లి ముహూర్తం రాత్రి 1 గంట 40 నిమిషాలకు కుదిరింది. మన తెలుగు పెళ్లిళ్ల సంగతి తెలిసిందే కదా, ఊరంతా నిద్రపోయాకే జీలకర్ర, బెల్లం నెత్తిన పెడతారు. జంషెడ్‌పూర్‌లో ఉన్నా, శ్రీకాకుళంలో ఉన్నా పంచాంగం ఒక్కటే! పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడారు కానీ, ఇంటివాళ్ల ఫోటోలు మాత్రం నన్నే తియ్యమన్నారు నాన్నగారు. తాతయ్య ఒక షరతు కూడా పెట్టారు. "ఒక్క ఫోటో అయినా గోడకి పెట్టుకునేలాగ, నాకు కనిపించేలాగ తియ్యి."

ఆ షరతుకి కారణం ఉంది. మా నాన్నమ్మకు మిగిలింది ఒకే ఒక్క ఫోటో, రేషన్ కార్డు కోసం తీయించినది. అగ్గిపెట్టె కంటే చిన్నది. ఆవిడ పోయాక దాన్ని పెద్దది చేయిస్తే కళ్లెక్కడో ముక్కెక్కడో తెలియకుండా అలికేసినట్టు వచ్చింది. ఫోటోలో మొదటే లేని వివరం పెద్దది చేస్తే రాదు. తాతయ్యకి ఇప్పుడు రెండు కళ్లకీ చూపు తగ్గింది.

కెమెరాలు రెండు అందుబాటులో ఉన్నాయి. ఒకటి మావయ్యది, నికాన్ డి700. 2008లో వచ్చిన మోడల్. కదమాలో, సోనారీలో చాలా తెలుగు పెళ్లిళ్లు ఆ కెమెరాతోనే తీశారు ఆయన. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో పని మానేశారు. రెండోది పెద్దమ్మగారి అబ్బాయిది, నికాన్ డి3500. 2018లో వచ్చిన మోడల్, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసినది. అన్నయ్య దాన్ని అమ్మేస్తానన్నాడు. మావయ్య మాత్రం, "నాకు డబ్బులొద్దురా, పాడైతే బాగు చేయించుకునే ఖర్చు మాత్రం నీదే" అన్నారు. నాన్నగారు ఒకదానికే ఒప్పుకుంటారు. ఏది తీసుకోవాలి?

కాగితం మీద చూస్తే కొత్తదే గెలిచినట్టుంటుంది. డి700లో 12.1 మెగాపిక్సెళ్లు, డి3500లో 24.2 మెగాపిక్సెళ్లు. మా క్లాసులో ఎవరిని అడిగినా "రెట్టింపు కదా, ఇంకేం ఆలోచన?" అన్నారు. కానీ మెగాపిక్సెళ్లు అంటే మొత్తం చుక్కల లెక్క. పొడవు, వెడల్పుల్లో చూస్తే డి700 ఫోటో 4256 చుక్కల పొడవు, డి3500 ఫోటో 6000 చుక్కల పొడవు. అంటే ఒక వైపున పెరిగింది 1.4 రెట్లే. తాతయ్య గోడకి అనుకున్నది 12కి 18 అంగుళాల ప్రింటు. పాత కెమెరా ఫోటోని అంత చేస్తే అంగుళానికి 236 చుక్కలు వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఫోటోకి 300 ఉంటే మంచిదంటారు. గోడ మీద పెట్టి రెండడుగుల దూరం నుంచి చూసేదానికి 236 బాగానే సరిపోతుంది. కాబట్టి ఈ పోటీలో మెగాపిక్సెళ్ల మాట ఇక్కడితో వదిలేయవచ్చు.

అసలు సంగతి సెన్సర్. లెన్స్ నుంచి వచ్చే వెలుతురు పడే పలక అది. డి700 సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు 24 మిల్లీమీటర్ల వెడల్పు. పాత ఫిల్ము గడి ఎంతో ఇదీ అంతే, అందుకే దీన్ని ఫుల్ ఫ్రేమ్ అంటారు. డి3500 సెన్సర్ 23.5 మిల్లీమీటర్లు, 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యాలు లెక్కవేస్తే పాతది 2.3 రెట్లకు పైగా పెద్దది. పైగా ఆ పెద్ద పలక మీద సగం చుక్కలే ఉన్నాయి. అంటే ఒక్కో చుక్కకి దొరికే చోటు కొత్తదానికంటే నాలుగున్నర రెట్ల పైమాటే. వాన పడుతున్నప్పుడు పెరట్లో గంగాళం, చెంబు పక్కపక్కన పెట్టండి. జోరు వానలో రెండూ నిండుతాయి. నాలుగు చినుకులే పడితే చెంబులో ఎన్ని పడ్డాయో చెప్పడం కష్టం, గంగాళంలో లెక్క కాస్త నమ్మకంగా తేలుతుంది. చీకట్లో తీసిన ఫోటోల మీద ఇసక చల్లినట్టు కనిపించే నలుసులు ఈ లెక్క తేలకపోవడం వల్ల వచ్చేవే.

అయితే పదేళ్ల తేడా ఊరికే పోదు. కొత్త సెన్సర్ తన సొంత విద్యుత్తు గోలని బాగా తగ్గించుకుంది. ఇది నాకు దోముహానీలో తెలిసింది. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోట సాయంత్రం ఆకాశం మంటలా ఉంటుంది, ఒడ్డు నల్లగా ఉంటుంది. ఆకాశం చెడకుండా రెండు కెమెరాలతోనూ తీసి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో నీడల్ని పైకి లేపాను. డి3500 ఫోటోలో రాళ్లు శుభ్రంగా బయటపడ్డాయి. డి700 ఫోటోలో అవే రాళ్ల మీద మచ్చలు, రంగుల చారలు. అంత పేరున్న కెమెరా ఇంతేనా అని మావయ్యకి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "పగలు తీస్తే ఏటి తెలుస్తుంది, రాత్రి తీసి సూడు" అన్నారు.

రాత్రి పరీక్షకి మార్చి 3 కంటే మంచి రోజు మన ఊళ్లో ఏముంటుంది? జమ్‌షెట్‌జీ టాటా పుట్టినరోజు, జూబ్లీ పార్కంతా దీపాలు. మర్నాడు కెమిస్ట్రీ పరీక్ష ఉన్నా వెళ్లాను (మార్కుల సంగతి అడగకండి). మావయ్య తన 50 మిల్లీమీటర్ల 1.8 లెన్స్‌తో సహా కెమెరా ఇచ్చారు. అన్నయ్య కెమెరాకి దానితో పాటు వచ్చిన 18-55 లెన్స్ ఉంది. షట్టర్‌ని రెండింటిలోనూ సెకనులో 60వ వంతు దగ్గర పెట్టాను. డి700కి ఐఎస్‌ఓ 640 సరిపోయింది. డి3500 6400 దాకా వెళ్లింది, అక్క ముఖం మీద ఇసకే ఇసక. పాతదే గెలిచిందని సోమవారం మా ఫిజిక్స్ సార్‌కి చూపించాను.

సార్ రెండు ఫోటోలూ చూసి ఒకే ప్రశ్న వేశారు. "నువ్వు కెమెరాలను పోల్చావా, లెన్సులను పోల్చావా?"

సిగ్గేసింది. ప్రాక్టికల్స్‌లో ప్రతిసారీ రాస్తాం, ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావి అలాగే ఉంచాలి అని. నేను రెండూ మార్చేశాను. 18-55 లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే దాని కిటికీ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. మావయ్య లెన్స్ 1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయండి. దాదాపు 10. ఐఎస్‌ఓలో నేను చూసిన 640కీ 6400కీ తేడా కూడా సరిగ్గా అదే పది రెట్లు! ఆ రాత్రి గెలిచింది లెన్స్, కెమెరా కాదు.

మళ్లీ చేశాను. ఈసారి మా ఇంటి వరండాలో, ఒకే లెన్స్‌ని రెండింటికీ మార్చి మార్చి పెట్టి. చిన్న సెన్సర్ దృశ్యాన్ని అంచుల్లో కత్తిరిస్తుంది కనుక డి3500తో తీసేటప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది, 50 లెన్స్ 75 లెన్స్‌లా కనిపిస్తుంది. నా కంటికి తోచినంతలో డి700 6400 దగ్గర ఎంత నలుసు చూపించిందో, డి3500 3200 దగ్గరే అంత చూపించింది. అంటే రెండు రెట్ల తేడా. తక్కువేం కాదు, కానీ లెన్స్ వల్ల వచ్చిన పది రెట్ల ముందు చిన్నదే. ఆ ఒక్క ప్రశ్న వేయకపోతే ఊరంతా తప్పు చెప్పి ఉండేవాణ్ణి.

ఇక్కడే ఇంకో చిక్కు బయటపడింది. మావయ్య లెన్స్ పాత రకం, దానిలో మోటారు ఉండదు. డి700 బాడీలో మోటారు ఉంది, ఒక చిన్న ఇరుసుతో లెన్స్‌ని తనే తిప్పుతుంది. డి3500లో ఆ మోటారు తీసేశారు. లెన్స్ బిగుస్తుంది, ఫోటో వస్తుంది, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. సరే, అన్నయ్య కెమెరాతో వచ్చిన లెన్స్‌ని డి700కి పెడదామంటే అది ఇంకా అన్యాయం. ఆ కొత్త రకం లెన్స్‌కి ఫోకస్ చేయమని చెప్పడం డి700కి రాదు. పైగా చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్ కనుక మధ్య భాగమే వాడుకుని 5 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది. ఒకే కంపెనీ, ఒకే మూతి, అయినా ఒకరి భాష ఒకరికి సగమే అర్థమయ్యే బంధువుల్లా ఉన్నాయి. డి3500కి మోటారున్న 35 మిల్లీమీటర్ల 1.8 లెన్స్ దొరుకుతుంది. అది కొంటే చాలా గొడవ తీరిపోతుంది. కానీ అన్నయ్యకి ఇచ్చే డబ్బు మీద మళ్లీ ఆ ఖర్చు.

కొత్తదాని గురించి న్యాయంగా చెప్పాలి. బ్యాటరీ లేకుండా డి3500 బరువు 365 గ్రాములు. డి700 995 గ్రాములు, దాదాపు కిలో. దల్మా కొండ ఎక్కాలంటే నేను ఏది తీసుకెళ్తానో చెప్పక్కర్లేదు. కొత్తది ఒక ఛార్జింగ్‌తో 1500 పైగా ఫోటోలు తీస్తుంది, ఫోటోలని ఫోన్‌కి పంపుతుంది, వీడియో తీస్తుంది. డి700లో వీడియో అసలు లేదు. దాని మెమరీ కార్డు కూడా పాత కాలపు వెడల్పాటిది, మా లాప్‌టాప్‌లో దానికి చోటే లేదు. ఇక వయసు. డి700 షట్టర్‌ని లక్షన్నర సార్లు కొట్టించి పరీక్షించామని కంపెనీ చెబుతుంది. మావయ్య కెమెరా అప్పటికే 1,38,000 దాటింది. ఈ లెక్క ఫోటో ఫైల్లోనే దాగి ఉంటుంది, పాత కెమెరా కొనేవాళ్లు ముందు అదే అడిగి చూసుకోవాలి. లక్షన్నర దగ్గర ఆగిపోతుందని కాదు. అంతకు ముందే ఆగినా, ఎవరినీ అనడానికి లేదు.

మరి ముహూర్తం వేళ షట్టర్ ఆగిపోతే? నాన్నగారి భయం అదే. నా భయం వేరు. పెళ్లి పీటల దగ్గర వీడియో లైటు ఒక పక్కకే ఉంటుంది, జనం అడ్డంగా వస్తారు, ఆ క్షణం మళ్లీ రాదు. డి700కి ఫోకస్ బిందువులు 51, వాటిలో 15 అడ్డగీతనీ నిలువుగీతనీ రెండింటినీ పట్టగలవు. డి3500కి 11, వాటిలో అలాంటిది మధ్యలో ఉన్న ఒక్కటే. చేత్తో ఫోకస్ చేద్దామంటే దాని వ్యూఫైండర్ కిటికీ చిన్నది, మసకది. వరండాలో ప్రయత్నిస్తే పదింటిలో నాలుగు చెడ్డాయి.

చివరికి మావయ్యదే తీసుకున్నాం. కెమెరాకి పెట్టాల్సిన డబ్బులో కొంత పెట్టి ఒక కొత్త బ్యాటరీ, ఒక కార్డు రీడర్ కొన్నాం. నాన్నగారి మాట కోసం అన్నయ్య కెమెరాని కూడా ఆ రాత్రికి అడిగి తెచ్చి బల్ల మీద ఉంచాం. దాంతో మా చిన్న చెల్లి వీడియోలు తీసింది. నిజం చెప్పాలంటే ఇంట్లోవాళ్లు నా ఫోటోల కంటే ఆ వీడియోలే ఎక్కువసార్లు చూశారు.

గోడ మీదకి ఎక్కిన ఫోటో మాత్రం 1 గంట 43 నిమిషాలకు తీసినది. అక్క తలవంచుకుని ఉంది, తాతయ్య చెయ్యి అక్షింతలతో పైన ఉంది. ఐఎస్‌ఓ 1600, లెన్స్ 2 దగ్గర. ప్రింటు వచ్చిన రోజు తాతయ్య కుర్చీ గోడ దగ్గరకి లాక్కుని కూర్చుని, చాలాసేపు చూసి, "నా వేలికి ఉంగరం కూడా కనిపిస్తోందర్రా" అన్నారు.