గోల్ఫ్ బంతికి సొట్టలెందుకు?

తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలకు క్రికెట్ తెలుసు, గోలీలు తెలుసు. గోల్ఫ్‌ను మాత్రం చాలామంది టీవీలో చూసి ఉంటారు, అంతే. 18 గుంటల మైదానానికి నూరెకరాలకు పైగా నేల కావాలి. మన డెల్టాలో అంత నేలంటే వరిచేలే మరి! విశాఖపట్నంలోనూ, హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా దగ్గరా ఈ ఆట ఆడతారు.

బంతిని కర్రతో కొడుతూ పోయి, దూరాన ఉన్న 108 మిల్లీమీటర్ల వెడల్పు గుంటలో వేయాలి. అలా వరసగా 18 గుంటలు. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు.

ఇక బంతిని చూడండి. బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఒళ్ళంతా మూడు నాలుగు వందల సొట్టలు! నున్నటి బంతే గాలిలో సులువుగా పోవాలి కదా? 19వ శతాబ్దపు ఆటగాళ్ళూ అలాగే అనుకున్నారు. గట్టాపెర్చా అనే చెట్టుపాలతో నున్నటి బంతులు చేయించారు. తీరా చూస్తే, దెబ్బలు తిని గీతలుపడ్డ పాత బంతులే ఎక్కువ దూరం పోయాయి!

కారణం ఇది. నున్నటి బంతి మీదుగా జారే గాలిపొర త్వరగా విడిపోతుంది. బంతి వెనుక వెడల్పాటి సుడి ఏర్పడుతుంది. అక్కడ పీడనం తక్కువ కనుక బంతి వెనక్కి లాగబడుతుంది. సొట్టలు ఆ గాలిపొరను కలియబెడతాయి. అప్పుడది బంతిని మరికొంతసేపు అంటిపెట్టుకుంటుంది, సుడి సన్నబడుతుంది, వెనక్కి లాగే బలం దాదాపు సగమవుతుంది.

1971 ఫిబ్రవరిలో అపోలో-14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద రెండు గోల్ఫ్ బంతులు కొట్టాడు. అక్కడ గాలి లేదు. మరి సొట్టల వల్ల వాటికి ఏమైనా లాభం కలిగిందంటారా?