లేత్ కొనుగోలు: ఋణానికి ముందు ఆలోచించవలసిన అంశాలు

అడవి అంచున నివసించే కుటుంబాలకు కర్రపని కొత్త కాదు. బస్తరు చెక్క శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కలదు. అవి ఉలితో చేతిమీద చెక్కినవి. గుండ్రని వస్తువులకు మాత్రం తరిమెన, అనగా లేత్, అవసరం. ఈ యంత్రాన్ని ఇంటివద్దనే నెలకొల్పుకొని జీవనోపాధి పొందవచ్చును. అయితే యంత్రం పెద్దదైనంత మాత్రాన ఆదాయం పెరగదు. పనిలేక నిలిచిన లేత్‌కు కూడా వాయిదా చెల్లించక తప్పదు.

ఏటికొప్పాక అనుభవం

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాక ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడి వృత్తికారులు మెత్తని అంకుడు కర్రను లేత్‌పై బొమ్మలుగా, భరిణెలుగా మలుస్తారు. తిరుగుతున్న వస్తువుకు రంగు కలిపిన లక్కను ఆనించగా, రాపిడి వేడికి అది కరిగి పట్టుకొంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల వాడకానికి కృషి చేసిన శ్రీ సి.వి. రాజు గారు 2023లో పద్మశ్రీ పొందారు. ఈ పేరు చిన్న వస్తువులతో వచ్చినదేనని గమనించండి. పాత బస్తరు జిల్లాలో భాగమైన కాంకేరు ప్రాంతంలో కుసుమ చెట్లపై లక్క పండుతుంది. కనుక బస్తరు వారికి ఈ ముడిసరుకు దూరం కాదు.

యంత్రం ఎంపిక

1. మీరు ఏ వస్తువు చేస్తారో, ఎవరు కొంటారో ముందుగా వ్రాసుకొనండి.

2. ఇరుసు మధ్య నుండి క్రింది బెడ్ వరకు గల దూరానికి రెట్టింపే, ఆ లేత్‌పై పట్టే గరిష్ఠ వ్యాసం. ఈ దూరం 5 అంగుళాలైతే 10 అంగుళాల పళ్ళెం పడుతుంది. భరిణెలకు, బొంగరాలకు అంతకు మించి అక్కరలేదు. అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు చాలును.

3. బరువైన పోతఇనుప బెడ్ గలది అదురు తక్కువ. వేగం మార్చే వీలు తప్పక ఉండవలెను.

డీలరు మిత్రులు కొటేషన్‌లో బెల్టులు, బేరింగుల లభ్యతను కూడా తెలిపిన మేలు.

వాడకంలో జాగ్రత్తలు

వ్యాసం పెరిగినకొద్దీ వేగం తగ్గించవలెను. అంగుళాలలో వ్యాసాన్ని నిమిషానికి చుట్లతో గుణించగా 6,000 నుండి 9,000 మధ్య రావలెను. 3 అంగుళాల కర్రకు 2,000 నుండి 3,000 చుట్లు, 10 అంగుళాల పళ్ళేనికి 600 నుండి 900 చుట్లు తగినవి. పచ్చికర్ర ఆరేటప్పుడు పగులుతుంది. నీడన ఆరినదే వాడండి. స్విచ్ వేయకముందు కర్రను చేతితో ఒక చుట్టు త్రిప్పి చూడండి. ఉలిని మొదట ఆధారపు కమ్మీపై ఉంచి, ఆ పిదపనే కర్రకు తాకించండి. వ్రేలాడే కండువా, కొంగు, చేతి గాజులు ప్రాణాపాయం. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఋణ సదుపాయం

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వీటిలో వడ్రంగులు, సంప్రదాయ బొమ్మల తయారీదారులు ఉన్నారు. పనిముట్లకు రూ. 15,000 ప్రోత్సాహకం కలదు. హామీ లేకుండా తొలి విడతగా రూ. 1 లక్ష వరకు 5 శాతం వడ్డీతో, 18 నెలల గడువుతో ఋణం పొందవచ్చును. పూర్తి లక్ష తీసుకొన్నచో వాయిదా నెలకు సుమారు రూ. 5,780. నెలకు 24 పనిదినాలనుకొంటే, రోజుకు సుమారు రూ. 240 వాయిదాకే పోతుంది. కర్ర, లక్క, కరెంటు ఖర్చులు పోగా ఇంత మిగులుతుందా అని లెక్కవేసుకొనండి. మిగలనిచో చిన్న యంత్రానికి తగ్గండి. లెక్క కాగితంతో మీ సమీప శాఖకు వచ్చినచో మా సిబ్బంది తగు సలహా ఇవ్వగలరు.